పడిపోని చేను



ఎవరి స్మృతిలో మనం ఇవాళ ఇక్కడ చేరామో ఆయన పేరు మీద ఒక్క వరి వంగడం కూడా లేదు. ఆయనది సేద్య విభాగం. విత్తనాన్ని పుట్టించే పని ఆయనది కాదు. పుట్టిన విత్తనాన్ని ఏ తేదీలో నారు పోయాలి, కుదురుకూ కుదురుకూ ఎంత ఎడం ఉండాలి, యూరియా ఎప్పుడు వేయాలి, నీళ్లు ఎప్పుడు తీసేయాలి అని ఏళ్ల తరబడి చిన్న చిన్న మడుల్లో తూకాలు వేసే పని. మన పరిశోధన కేంద్రాల్లో కొత్త రకం విడుదలైన రోజున దండలు, ఫొటోలు ఉంటాయి. ఎరువు వేసే వేళ మార్చి ఎకరాకు రెండు బస్తాలు కలిపినవాడికి దండ వేసిన సభ నేనైతే చూడలేదు. కాబట్టి ఈ సాయంత్రం ఆ రెండో రకం పనిని మధ్యలో పెట్టి మాట్లాడతాను.

మనకు ఒక అలవాటుంది. దేశపు ఆహార స్వయంసమృద్ధిని ఎప్పుడో అరవైల్లో గెలుచుకొచ్చి అద్దాల బీరువాలో పెట్టిన కప్పులాగా చూస్తాం. దిగుబడి అలా బీరువాలో ఉండే వస్తువు కాదు. పట్టించుకోకపోతే తగ్గిపోతుంది. దీనికి రుజువులున్నాయి, వాటి దగ్గరికి వస్తాను. ముందు ఆ అరవైల సంగతి కొంచెం చెప్పుకోవాలి.

1964-65లో దేశంలో పండిన ఆహారధాన్యాలు 8.9 కోట్ల టన్నులు. మరుసటి ఏడు వానలు ముఖం చాటేశాయి, పంట 7.2 కోట్లకు దిగింది. ఆపై ఏడూ కరువే. 1966లో దాదాపు కోటి టన్నుల ధాన్యం ఓడల్లో వచ్చింది. అందులో ఎక్కువ భాగం అమెరికా ఆహార సాయ చట్టం పి.ఎల్. 480 కింద వచ్చిన గోధుమ. ఆ కాలంలో రేషను షాపు ముందు నిలబడినవారు ఈ సభలోనే కొందరుంటారు, వాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఆ కరువుకు ఐదేళ్ల ముందే మన గోదావరి జిల్లాలో ఒక వింత జరిగింది. 1960-61లో కేంద్ర ప్రభుత్వం సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకం మొదలుపెట్టింది. మొదటి విడతలో ఎంపికైన ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. పంజాబులో లూధియానా, తమిళనాట తంజావూరు దాని తోటివి. జనం నోట ఇది ‘ప్యాకేజీ ప్రోగ్రాం’. నీళ్లు పుష్కలం, కాటన్ దొర ఆనకట్ట కట్టి అప్పటికే వందేళ్లు దాటింది. ఎరువు ఇచ్చారు, అప్పు ఇచ్చారు, సలహా చెప్పే మనుషుల్ని ఊరూరా పెట్టారు. అన్నీ ఉన్నా వరి దిగుబడి ఆశించినంత కదల్లేదు. ఎందుకు?

రైతుకు తెలుసు ఎందుకో. అక్కుళ్లు, కృష్ణకాటుకలు, అత్రగడ లాంటి పాత రకాలు మనిషి ఛాతీ ఎత్తు పెరిగేవి. ఎరువు కాస్త ఎక్కువ పడితే ఇంకా పొడవు సాగి, కంకి బరువెక్కగానే గాలికి చేను చాప పరిచినట్టు పడిపోయేది. పడిన చేనులో గింజ పాలు పోసుకోదు, నీళ్లలో మొలకెత్తుతుంది, కొడవలి పెట్టడానికీ కష్టం. అందుకే పెద్ద రైతులు కూడా ఎరువు బస్తా చూసి జంకేవారు. దాన్ని అధికారులు ‘రైతుల వెనుకబాటుతనం’ అని నివేదికల్లో రాసుకున్నారు. మొక్కలో ఉన్న లోపాన్ని మనిషికి అంటగట్టడం మన శాఖలకు కొత్తేమీ కాదు.

ఆ చిక్కుముడి విప్పింది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, మనందరి నోట్లో ‘ఇర్రి’. 1962లో పీటర్ జెన్నింగ్స్ అక్కడ ఇండొనేషియాకు చెందిన పొడుగు రకం పేటను, తైవాన్‌కు చెందిన పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌తో సంకరం చేశారు. ఆ వరుసలో అది ఎనిమిదోది. దాని సంతతిలోంచి హెన్రీ బీచెల్ ఏరిన మొక్కే ఐ.ఆర్.8. 1966 నవంబరులో విడుదలైంది. చాలా పుస్తకాల్లో కథ ఇక్కడితో అయిపోతుంది.

ఆ కథలో ఒక సేద్య శాస్త్రవేత్త కూడా ఉన్నారు, సురజిత్ కుమార్ డే దత్తా. కొత్త మొక్కకు నత్రజని మోతాదులు పెంచుకుంటూ పోయి ఎక్కడ ఆగుతుందో చూసినవారు ఆయనే. నత్రజని అసలు వేయకుండానే హెక్టారుకు సుమారు 5 టన్నులు, 120 కిలోలు వేస్తే దాదాపు 10 టన్నులు వచ్చాయి. మన లెక్కలో చెప్పాలంటే ఎకరాకు 75 కిలోల బస్తాలు మొదటిదానికి 27, రెండోదానికి 50 పైచిలుకు. పాత రకం పడిపోయే చోట ఇది నిలబడి ఎరువంతా గింజలోకి పంపింది. ఆ పట్టికే లేకపోతే ఐ.ఆర్.8 ఇంకో పొట్టి మొక్కగా మిగిలిపోయేది.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. కొత్త మొక్క పాతదానికంటే విపరీతంగా ఎక్కువ పెరిగిందేమీ కాదు. పెరిగినదాన్ని వేరేగా పంచుకుంది, అంతే. పాత వరిలో నేల మీద పెరిగిన మొత్తం బరువులో గింజ వాటా మూడో వంతు చుట్టుపక్కల ఉండేది. పొట్టి రకాల్లో అది సగానికి చేరింది. గడ్డి తగ్గి గింజ పెరిగింది. పశువులున్న ఇళ్లలో ఈ బేరం మొదట ఎవరికీ నచ్చలేదు. వరిగడ్డి చాలకపోతే ఎద్దులకేం పెడతామని అడిగిన రైతు తెలివితక్కువవాడేం కాదు, అతను తన పొలంలోంచి వచ్చే రెండు పంటల లెక్క చూసుకున్నాడు.

ఐ.ఆర్.8 ఆంధ్రకు 1967లో వచ్చింది. ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని తన పొలంలో వేసి, పండిన విత్తనాన్ని చుట్టుపక్కల రైతులకు అందించారు. తర్వాత ‘మిస్టర్ ఐ.ఆర్.8’ అని ప్రపంచం ఆయన్ని పిలిచింది. శాస్త్రవేత్తల కాగితాల కంటే గట్టు మీద నిలబడి చూసే పొరుగు రైతు కన్ను ఎంత వేగంగా పనిచేస్తుందో చెప్పడానికి నా తరం అధ్యాపకులందరం ఆ ఉదాహరణే వాడుకున్నాం. అదే సమయంలో 1965లో రాజేంద్రనగర్ కేంద్రంగా మొదలైన అఖిల భారత సమన్వయ వరి పథకం, డాక్టర్ ఎస్.వి.ఎస్. శాస్త్రి సారథ్యంలో 1968లో జయ, పద్మ అనే రెండు రకాలను ఇచ్చింది. 

ఐ.ఆర్.8కు దిగుబడి ఉంది, రుచి లేదు. గింజ లావు, తెల్లటి మచ్చ, మిల్లులో నూక, అన్నం చల్లారితే గట్టి. గోదావరి రైతు దాన్ని పండించి అమ్ముకున్నాడు, తన ఇంటికి మాత్రం పాత రకం ఓ చెక్క వేసుకున్నాడు. ఆ చెక్కలో వెతుక్కున్న రుచిలోనే అసలు భవిష్యత్తు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కటక్‌లో జరిగిన ఇండికా-జపోనికా సంకరాల కార్యక్రమంలోంచి పుట్టి, 1965లో మలేసియాలో విడుదలై, అక్కడినుంచి మన దేశం వచ్చిన మసూరి పొడుగు రకం. పడిపోతోందని ప్రయోగాల్లో పక్కన పెట్టినా రైతుల చేతుల మీదుగా ఊరూరా పాకింది. సన్నగింజ, మంచి అన్నం, తక్కువ ఎరువుతోనూ పంట. పరిశోధన కేంద్రాలు ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాయి, కానీ నేర్చుకున్నాయి. మారుటేరు పరిశోధన కేంద్రంలో వశిష్ఠ అనే రకంతో మసూరిని కలిపి 1982లో స్వర్ణ ఇచ్చారు. బాపట్లలో 1986లో సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, వచ్చింది. దాని వంశవృక్షం చూడండి: ఒక వైపు మసూరి, ఇంకో వైపు తైవాన్ పొట్టి రకం తైచుంగ్ నేటివ్-1, ఇంకా వెనక్కి వెళ్తే కోయంబత్తూరులో కోనామణి చేలో తేడాగా కనిపించిన మొక్కలోంచి వచ్చి 1921లో విడుదలైన జి.ఇ.బి. 24. అరవై అయిదేళ్ల ఓపిక ఒక్క బియ్యపు గింజలో ఉంది.

స్వర్ణ ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బీహార్ దాకా వెళ్లింది. ముంపు భూముల్లో అది మునిగితే చచ్చిపోయేది. ఒడిశా నుంచే వచ్చిన ఎఫ్.ఆర్.13ఎ అనే పాత రకంలో ఉన్న ముంపు తట్టుకునే జన్యువును దానిలోకి తెచ్చి 2009లో స్వర్ణ-సబ్1 విడుదల చేశారు. రెండు వారాలు నీళ్ల కింద ఉన్నా అది మళ్లీ లేస్తుంది. సాంబ మసూరికి ఆకు ఎండు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.), వరి పరిశోధన సంచాలకాలయం కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చిన రూపాన్ని 2008లో ఇచ్చాయి. నన్నడిగితే ఈ రెండూ ఐ.ఆర్.8కు తీసిపోని విజయాలు. బస్తాలు పెంచలేదు, ఉన్న బస్తాలు పోకుండా కాపాడాయి. అందుకే వాటి గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు.

పట్టించుకోకపోతే దిగుబడి తగ్గుతుందన్నాను, ఇప్పుడు ఆ రుజువుల సంగతి. ఇర్రిలో ఒకే నేలలో ఏటా మూడు వరి పంటలు వేస్తూ ఒక ప్రయోగం అరవైల నుంచి సాగుతోంది. ప్రతి కాలంలోనూ అప్పటికి మేలైన రకమే వేశారు. ఎరువు తగ్గించలేదు. అయినా దిగుబడి 1991 దాకా ఏటేటా తగ్గుతూ వచ్చింది. నేల ఎప్పుడూ నీళ్లలోనే నాని ఉండటంతో సేంద్రియ పదార్థం తీరు మారి, మొక్కకు నేల ఇచ్చే నత్రజని తగ్గిపోయింది. పంటల మధ్య నేలను ఆరనిచ్చి, నత్రజని మోతాదు, వేసే వేళలు మార్చాక పంట తిరిగి లేచింది. పంటను లేపింది కొత్త విత్తనం కాదు, మారిన క్యాలెండరు. ఇంకో పరీక్ష చేశారు. ఐ.ఆర్.8 పాత విత్తనాన్నే తీసి ఈ కాలంలో వేస్తే, అరవైల్లో ఇచ్చినదానికంటే సుమారు 15 శాతం తక్కువ ఇచ్చింది. మొక్క అదే, లోకం వేరు. చీడపీడలు మారాయి, రాత్రులు వెచ్చబడ్డాయి. అక్కడే 1992 నుంచి 2003 వరకు తీసిన లెక్కల్లో ఎండాకాలపు పంటకు రాత్రి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం పడిందని తేలింది. పగలు తయారుచేసుకున్నదాన్ని వెచ్చని రాత్రి మొక్క శ్వాసలో ఖర్చుపెట్టేస్తుంది.

నత్రజని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన సొమ్మంతా అక్కడే పోతోంది. నిలిచిన నీళ్ల మీద యూరియా చల్లితే ఏమవుతుంది? రెండు మూడు రోజుల్లో అమ్మోనియా అవుతుంది. పగటి ఎండకు నీళ్లలో పాచి పెరిగి నీటి క్షారగుణం ఎక్కుతుంది, అమ్మోనియా వాయువుగా లేచిపోతుంది. మిగిలినదాంట్లో కొంత నేల పైపొరలో నైట్రేట్ అయి, గాలి అందని కింది పొరలోకి జారి నత్రజని వాయువుగా పోతుంది. వేసినదాంట్లో పంటకు దక్కేది తరచూ మూడో వంతు, బాగా చేస్తే ఇంకాస్త. ఇంత నష్టానికి మందు ఖరీదైనదేం కాదు. నీళ్లు తీసేసి బురద పదునులో యూరియా వేసి, ఒకటిన్నర రెండు రోజుల తర్వాత పలచగా నీరు పెట్టండి అన్న సిఫారసు ఎన్నో ఏళ్లుగా మన కరపత్రాల్లో ఉంది. యూరియాకు వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి వేయడం మన రైతులకు తెలిసిన పద్ధతే, 2015లో దేశంలో యూరియా అంతా వేపపూత పూసినదే అయింది. మరి నీళ్లు తీసేసే ఆ మొదటి పని ఎందుకు జరగదు? కింది మడి వేరేవాడిది. కాలువ వంతు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. చేలో నిలిచిన నీటిని రైతు భయంతో పట్టుకుని కూర్చుంటాడు. అంటే యూరియా సామర్థ్యం అనేది కాలువ నీళ్లు వదిలే లస్కరు చేతిలో, మురుగు కాలువ పూడికలో ఉంది. ఈ మాట మన థీసిస్‌లలో రాయడానికి మొహమాటపడతాం.

జింకు కథ ఇంకా చిత్రమైనది. ఉత్తరాదిన తెరాయి భూముల్లో వరి ఆకులు తుప్పు రంగుకు తిరిగి మొక్కలు గిడసబారిపోతుంటే అందరూ తెగులు అనుకుని శిలీంధ్రం కోసం వెతికారు. పంత్‌నగర్‌లో డాక్టర్ వై.ఎల్. నేనే 1966లో అది తెగులు కాదు, జింకు లోపమని తేల్చారు. జింకు సల్ఫేటు, సున్నం కలిపి పిచికారీ చేస్తే పొలం కోలుకుంది. ఎక్కువ దిగుబడి తీసుకునే కొద్దీ నేలలో పోషకాలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయని మనకు మొదట చెప్పినవి ఆ తుప్పు మచ్చలే. ఆయన తర్వాత పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేశారు, మన హైదరాబాదువారికి ఆ పేరు కొత్త కాదు.

వరి రసం పీల్చే సుడిదోమ గురించి ఎక్కువ చెప్పను. ఒత్తుగా నాటడం, నత్రజని మోత, అవసరం లేని పురుగుమందు, ఈ మూడూ కలిసి దానికి పీట వేశాయి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని చెబితే, అంత జాగా వృథానా అని రైతు నొచ్చుకుంటాడు. దోమ వచ్చిన ఏడు కాలిబాట తీసినవాడి గట్టు మీదికి ఊరంతా వస్తుంది.

తేదీ కూడా ఒక ఎరువే. డెల్టాలో సార్వా కోత నవంబరు తుపాన్ల నోట్లో పడుతుంది. నెల ముందు నీళ్లు వదిలితే నెల ముందు నాట్లు, తుపానుకు ముందే కోత. 2022లో జూన్ 1నే గోదావరి డెల్టా కాలువలకు నీళ్లు వదిలారు. దాని వెనకున్న లెక్క ఇదే. కానీ మురుగు పోయే దారి లేని చేనులో ముందు నాటినది ఆగస్టు వానకు మునుగుతుంది. కాబట్టి ఈ సలహా కోనసీమలో ఒకలాగా, మెరక మీద ఇంకోలాగా పనిచేస్తుంది.

కోనసీమ పేరు వచ్చింది కాబట్టి 2011 చెప్పకుండా దాటలేను. ఆ ఖరీఫ్‌లో అక్కడి రైతులు పంట విరామం ప్రకటించారు. నీళ్లున్నాయి, విత్తనం ఉంది, భూమి దేశంలోకెల్లా సారవంతం. నాటలేదు. పెట్టుబడి, కూలి, మద్దతు ధర, పూడిపోయిన మురుగు కాలువలు అని కారణాలు చెప్పారు. ప్రభుత్వం విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేసింది. అన్నపూర్ణ అని మనం పాఠ్యపుస్తకాల్లో రాసుకున్న నేల మీద రైతు నాగలి దించేస్తే, దాన్ని రాజకీయంగా కొట్టిపారేసినవారున్నారు. నేను దాన్ని ఒక ప్రయోగ ఫలితంగా చదువుతాను. దిగుబడి ఒక స్థాయి దాటాక, మిగులు లేకపోతే ఆ దిగుబడిని నిలబెట్టడానికి రైతుకు కారణం ఉండదు. ఎకరాకు బస్తాల పట్టిక పక్కన ఎకరాకు మిగిలిన రూపాయల పట్టిక లేకుండా మనం ఇంకా సిఫారసులు అచ్చు వేస్తున్నాం.

తెలంగాణలో సమస్య వేరే రూపంలో వచ్చింది. అక్కడ యాసంగి వరి గింజ పట్టే వేళకు ఎండలు ముదురుతాయి. గింజలో పగుళ్లు పడి పచ్చి బియ్యం ఆడిస్తే నూకలవుతాయి. అందుకే ఆ వడ్లను ఉప్పుడు బియ్యం చేస్తారు. 2021లో కేంద్రం ఉప్పుడు బియ్యం ఇక తీసుకోనంటే పెద్ద గొడవయింది. టీవీల్లో నడిచింది కొనుగోలు రాజకీయం. నాకు కనిపించింది మాత్రం సేద్య ప్రశ్న: నాటు పదిహేను రోజులు ముందుకు జరిపితే, తక్కువ కాలం రకం వేస్తే నూక ఎంత తగ్గుతుంది? చలికి నారు ఎదగదు కాబట్టి ముందుకు జరపడం తేలిక కాదు. మరి నారుమడిని చలి నుంచి కాపాడటం ఎలా? ఒక రాష్ట్రపు వడ్ల తగాదా చివరికి నారుమడి దగ్గర ఆగింది.

1950-51లో మన సగటు వరి దిగుబడి హెక్టారుకు 668 కిలోల బియ్యం, అంటే ఎకరాకు 270 కిలోలు. ఇప్పుడు ఎకరాకు 1,100 కిలోలు దాటింది. గొప్ప సంగతే, నేను తక్కువ చేయను. అయితే వంటనూనెలో సగానికి పైగా ఇప్పటికీ దిగుమతే. గింజ నిండిన గోదాము పక్కన నూనె డబ్బా ఖాళీగా ఉంటే ‘స్వయంసమృద్ధి’ అన్న మాటను ఎంత మేరకు వాడాలో మీరే చూసుకోండి. వరి చుట్టూ కట్టిన నీళ్లు, కరెంటు, కొనుగోలు, అన్నీ పప్పులనూ నూనెగింజలనూ మెట్టకు తోసేశాయి.

2025 మేలో దేశంలో జన్యు సవరణతో తయారైన తొలి రెండు వరి రకాలను ప్రకటించారు. రెండిటి మూలమూ మన నేలదే. ఒకటి సాంబ మసూరి నుంచి హైదరాబాదు వరి పరిశోధన సంస్థ చేసినది, రెండోది మారుటేరు వారి కాటన్‌దొర సన్నాలు నుంచి ఢిల్లీ వారు చేసినది. మొదటిది సుమారు ఇరవై రోజులు ముందే కోతకొస్తుందని చెబుతున్నారు. అనుకూలంగా, ప్రతికూలంగా వాదనలు వేడిగా ఉన్నాయి, నేను వాటిలోకి దిగను. సేద్య విభాగం వాళ్లుగా మనం అడగాల్సిన ప్రశ్నలు చాలా మామూలువి. ఆ ఇరవై రోజులు తగ్గితే నత్రజని మూడు దఫాలను ఎలా సర్దాలి? ఖాళీ అయిన ఇరవై రోజుల్లో మినుము ముందు పడుతుందా? ఎన్ని తడులు మిగులుతాయి? విడుదల పత్రంతో పాటు ఇవి రావాలి. సాధారణంగా అయిదారేళ్ల తర్వాత వస్తాయి, ఈలోగా రైతే కనుక్కుంటాడు.

అలా రైతే కనుక్కుంటున్నది ఇప్పుడొకటి మన కళ్ల ముందే ఉంది. కూలీలు దొరక్క నాట్లు మానేసి విత్తనం వెదజల్లుతున్నారు, డ్రమ్ సీడర్ తోలుతున్నారు, దమ్ము చేయకుండా పొడి దుక్కిలోనే విత్తేస్తున్నారు. దాంతో పైన చెప్పుకున్నవన్నీ ఒక్కసారిగా తలకిందులవుతాయి. నిలిచిన నీరు లేదు కాబట్టి కలుపు పంటతో పాటే మొలుస్తుంది. వరిలాగే కనిపించే అడవి వరి వస్తుంది, దాన్ని ఏరేవాళ్లు లేరు. తేలిక నేలల్లో ఇనుము అందక ఆకులు తెల్లబోతాయి. నత్రజని పోయే దారి కూడా వేరు, అక్కడ అది ముందే నైట్రేట్ అయి మొదటి పెద్ద తడికి కిందికి దిగిపోతుంది. నాటిన వరికి రాసుకున్న ఎరువుల పట్టిక ఈ వరికి సరిపోదు. అయినా చాలా కరపత్రాల్లో రెండిటికీ ఒకే పట్టిక ఉంది.

మనం ఎవరి స్మృతిలో చేరామో ఆయన కుటుంబం నెలకొల్పిన ధర్మనిధి వడ్డీతో ఏటా ఒక ఉపన్యాసం పెడుతున్నారు. దాతల కుటుంబానికి నాదొక విన్నపం. ఒక ఏడు నాలాంటి వాణ్ణి పిలవడం మానేసి, ఆ డబ్బుతో కళాశాల పొలంలో నాలుగు సెంట్ల మడులు కొన్ని శాశ్వతంగా పక్కన పెట్టించండి. ఒకదానిలో నాటిన వరి, ఒకదానిలో వెదజల్లినది, ఒకదానిలో వరి తర్వాత మినుము, ఒకదానిలో ఎరువే లేనిది. జగిత్యాలలో ఇలాంటి దీర్ఘకాల ఎరువుల ప్రయోగం నడుస్తోంది, ఇంగ్లండులో రాథమ్‌స్టెడ్ దగ్గర బ్రాడ్‌బాక్ చేను 1843 నుంచి ఆగకుండా నడుస్తోంది. ఇక్కడ కావలసింది పెద్ద పరికరాలు కాదు. తూకం కాటా, నేల నమూనాలు దాచే సీసాలు, వాటి మీద చెరగని సిరా, బదిలీ అయి వెళ్లేటప్పుడు తాళంచెవితో పాటు రిజిస్టరు కూడా అప్పగించే మనిషి ఉంటే చాలు. స్థలం గురించి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. ఉత్తరం గట్టు పక్క మడి ఖాళీగానే ఉందన్నారు.